సలహా చెప్పుటయు ఒక వృత్తియే
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పాలిటెక్నిక్కులు, ఐ.టి.ఐ.లు కలవు. రాజాంలో 1997లో ఇంజనీరింగు కళాశాలయు వెలసినది. అయినను చదువు ముగియగానే పిల్లలు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో బండి యెక్కుచున్నారు. ఊరనే యుండి పని నేర్పుచు, సలహా చెప్పుచు, దానికి రుసుము పుచ్చుకొని బ్రతుకవచ్చునన్న తలపు ఏ కొందరికో తట్టును. నోటిమాటకు డబ్బేమిటని లోకము ప్రశ్నించును. నాడి చూచి మందు చెప్పిన వైద్యుని మాత్రము ఎవరును అట్లు ప్రశ్నింపరు!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. బొంబాయి ప్రభుత్వపు కొలువు నుండి స్వేచ్ఛగా వైదొలగ నిశ్చయించి విదేశములు తిరుగుచున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వము సలహా ఇంజనీరుగా పిలిపించెను. 1909లో వారు వచ్చి, నదుల తీరు పరిశీలించి, నగరమునకు ఎగువన మూసీ, ఈసీలపై జలాశయములు కట్టి వరదను పట్టి నిలుపవలెనని చెప్పిరి. ఆ సూచన ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు. సలహా చెప్పిన వారు గుత్తేదారు కారు, సరకు అమ్ముకొనువారును కారు. వారి మాటకు బరువు తెచ్చినది విద్వత్తు ఒక్కటే కాదు, ఈ స్వాతంత్ర్యము కూడను.

మన పల్లెలలో జరుగునది వేరు. బోరునకు ఎంత మోటారు కావలెనో అమ్మువానినే అడుగుదుము. అతడు పెద్దదే మంచిదనిన, ఆ ఖర్చు రైతు నెత్తిన పడును. లోతు, నీటి ఊట, గొట్టపు వ్యాసము కొలిచి, చిన్నదే చాలునని చెప్పగలవాడు దుకాణమునుండి కమీషను ముట్టనివాడై యుండవలెను.

పలాస జీడి కార్ఖానాలు చూడుడు. పిక్కను ఉడికించి పెంకు తీసిన పిదప పప్పును ఆరబెట్టుదురు. వేడి చాలకున్న పొట్టు ఊడదు. మించినచో పప్పు పెళుసై విరుగును. విరిగినదానికి గుండుపప్పు ధర రాదు. శిక్షణకు ముందొక దినము, తరువాత నొక దినము విరుగుడును తూచి చూపినచో యజమాని రుసుమునకు వెనుదీయడు.

ఆరంభమునకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బాగుగా తెలిసిన ఒక్క పని, నమ్మదగిన కొలత సాధనములు, ముందే తేల్చుకొన్న రుసుము, వ్రాసి యిచ్చు నివేదిక: ఇవి చాలును. మొదటి యేడు రాబడి సన్నగిల్లును గనుక కొలువో మరమ్మతు దుకాణమో అంతవరకు విడువరాదు.

ఈ గ్రంథాలయపు గది ఒకటి సాయంకాలములందు శిక్షణకు ఈయవచ్చును. నల్లబల్ల యొకటి, దీపమొకటి, విప్పి చూపుటకు పాత మోటారొకటి కావలెను.