వీడియో గేముల్లో ఊళ్లు కట్టేవాళ్లు



వీడియో గేమ్ ఆడేవాళ్ల చూపు ఎక్కువగా హీరో మీద, ఎదురొచ్చే శత్రువు మీద, స్కోరు మీద ఉంటుంది. వెనకనున్న కొండ, పాడుబడ్డ గోడ, గోడవార మొలిచిన గడ్డి కనిపించీ కనిపించకుండా పోతాయి. వాటిని తయారుచేసేవాళ్లే ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టులు. సినిమా సెట్‌కు కెమెరా చూడని వైపు ఉత్త కర్రలే ఉన్నా చెల్లిపోతుంది. గేముకు ఆ వెసులుబాటు లేదు. ఆడేవాడు వెనక్కి తిరుగుతాడు, గోడ చుట్టూ వెళతాడు, గుట్టెక్కి కిందికి చూస్తాడు. ఎటు చూసినా ఆ లోకం నిజమనిపించాలి.

ఈ కళను చూడటం నేర్చుకోవడానికి వికారాబాద్ జిల్లా మంచి బడి. తాండూరు నాపరాతి గనుల్లో సున్నపురాయి పొరలుపొరలుగా పేరుకుని ఉంటుంది. అందుకే పలకలుగా లేస్తుంది. నీలం, పసుపు ఛాయల్లో వచ్చే ఆ బండల్ని ఎన్నో ఇళ్లలో నేలకు పరిచారు. ఏదైనా పాత ఇంటి గడప దగ్గర వంగి చూస్తే, నలుగురూ నడిచే మధ్యభాగం అరిగి నున్నగా మెరుస్తుంటుంది. గోడవైపు అంచు గరుకుగానే ఉంటుంది. రెండు బండల సందులో మట్టి చేరి ముదురు గీతలా కనిపిస్తుంది. రాయి ఒకటే, రంగూ ఒకటే. తేడా అంతా వెలుతురు దాని మీద పడి మెరిసే తీరులో ఉంది.

ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టు పట్టుకునేది సరిగ్గా ఆ తేడానే. ఒక్క బండ కోసం అతను, లేదా ఆమె, ఒకటికి మించి చిత్రాలు తయారుచేస్తారు. ఒకటి రంగు చెబుతుంది. రఫ్‌నెస్ మ్యాప్ అనేది ఎక్కడ నునుపో, ఎక్కడ గరుకో చెబుతుంది. నార్మల్ మ్యాప్ సన్నటి గాట్లు, పగుళ్లు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఈ అరుగుదలకు కారణం తెలియకుండా మరకలు చల్లితే రాయి ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

దీనికి తోడు కాలంతో పోటీ. సెకనుకు 60 ఫ్రేములు చూపించే గేములో ఒక్కో ఫ్రేమును గీయడానికి యంత్రానికి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. అందుకని ఒకే బండ చిత్రాన్ని అతుకు తెలియకుండా నేలంతా పరుస్తారు. గోడ ముక్కలు కొన్ని చేసుకుని, వాటినే తిప్పి, మార్చి వీధంతా కడతారు. ఈసారి పిల్లలు గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని, ఏ రాయి రెండోసారి వచ్చిందో వెతకండి. ఎంతకీ దొరక్కపోతే ఆ కళాకారుడి పనితనం ఎంతటిదో తెలుస్తుంది.

దారి చూపించడం మరో విద్య. 2012లో వచ్చిన 'జర్నీ' ఆటలో దూరాన వెలుగుతున్న ఓ పర్వత శిఖరం ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే ఆడేవాళ్లు అటు నడుస్తారు. అదే ఏడాది వచ్చిన 'డియర్ ఎస్తర్'లో పోరాటమే లేదు. ఓ నిర్జన ద్వీపంలో నడుస్తూ కథ వినడమే ఆట. ఆ ద్వీపాన్ని తీర్చిదిద్దిన రాబర్ట్ బ్రిస్కో అంతకుముందు 'మిర్రర్స్ ఎడ్జ్'కు ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టుగా పనిచేసినవాడు.

మన దేశపు శిల్పమూ ఈ తెరకెక్కింది. అమెరికా సంస్థ నాటీ డాగ్ 2017లో తెచ్చిన 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' పడమటి కనుమల్లో, హొయసల శిథిలాల నడుమ సాగుతుంది. పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన 'రాజీ' రాజస్థాన్ కోటలనుంచీ, పహాడీ చిత్రకళనుంచీ రూపం తీసుకుంది. మొదటిదాంట్లో రాతి మీద నాచు కూడా నిజమైనదే అనిపిస్తుంది. రెండోదాంట్లో గోడలు చేత్తో రంగులద్దినట్టుంటాయి. రెండూ అందమైనవే, దారులే వేరు.

మరి ఉపాధి మాటేమిటి? బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ గేములకు బొమ్మలు చేసిపెట్టి పేరు తెచ్చుకుంది. 2019లో రాక్‌స్టార్ సంస్థ దాన్ని కొనుక్కుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది. వికారాబాద్‌నుంచీ తాండూరునుంచీ రైలెక్కి నేరుగా ఆ మహానగరానికి చేరుకోవచ్చు. ఈ రంగంలో పట్టా కన్నా పోర్ట్‌ఫోలియోకే, అంటే చేసి చూపిన పనుల సంకలనానికే, విలువెక్కువ. చాలా స్టూడియోలు ఓ చిన్న పని ఇచ్చి, గడువులోగా ఎలా చేశారో చూశాకే ఉద్యోగమిస్తాయి. సగంలో వదిలేసిన పది కోటలకన్నా పూర్తిచేసిన ఒక్క వాకిలి ఎక్కువ పనికొస్తుంది. ఇలాంటి త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ నేర్చుకోవడానికీ రుసుము లేదు.

ఆసక్తి ఉన్న యువతీయువకులు ఓ ఆదివారం మొదలుపెట్టవచ్చు. ఒక బండల గోడను ఎంచుకుని, పొద్దున ఏటవాలు ఎండలో ఓసారి, మిట్టమధ్యాహ్నం ఓసారి ఫొటో తీయాలి. పక్కన ఓ స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి అడవిలో చెట్ల మొదళ్లను, వేళ్లు పట్టిన ఎర్రమట్టి గట్లను కూడా ఇలాగే సేకరించవచ్చు. తర్వాత ఆ గోడను బ్లెండర్‌లో కట్టి, అవే రెండు వెలుతుర్లలో ఫొటోల పక్కన పెట్టి చూసుకోవాలి. ఎక్కడ తేడా వచ్చిందో రాసుకుని, అది దిద్దాకే రెండో గోడ మొదలుపెట్టాలి.