థార్ కొనాలా, రాక్స్ కొనాలా? తేడా అంతా ఆ 400 మిల్లీమీటర్లలోనే!

జూబ్లీ హిల్స్ చెక్ పోస్ట్ దగ్గర సాయంత్రం ఓ పది నిమిషాలు నిలబడండి చాలు. ఎన్ని థార్‌లు వెళ్తాయో లెక్కపెట్టలేరు. రోడ్ నెంబర్ 36, రోడ్ నెంబర్ 45, అటు కేబుల్ బ్రిడ్జి వైపు... ఎక్కడ చూసినా అవే. మధ్యమధ్యలో డిఫెండర్లు కూడా. అవి మన బడ్జెట్ కాదులెండి, చూసి ఆనందించడమే.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఫిల్మ్ నగర్ నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. ఆరేళ్లుగా దాచుకున్న డబ్బులున్నాయి, మిగతాది లోన్. ఇంట్లో ఇదే మొదటి కారు. వాళ్ల నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది. "అన్నా, నాకు చిన్న థారే ఇష్టం. అమ్మేమో నాలుగు తలుపులున్న బండి కొను అంటోంది. ఏం చెయ్యమంటావ్?" ఇదీ ప్రశ్న. చాలామంది ఇళ్లలో ఇదే పంచాయితీ నడుస్తోంది కదా! అందుకే వివరంగా మాట్లాడుకుందాం.

ముందు వీల్‌బేస్ అంటే ఏంటో చూద్దాం. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఉన్న దూరం. అంతే. మూడు డోర్ల థార్‌కి అది 2450 మిల్లీమీటర్లు. 2024 ఆగస్టులో వచ్చిన ఐదు డోర్ల థార్ రాక్స్‌కి 2850. అంటే సరిగ్గా 400 ఎక్కువ. మొత్తం పొడవు చూస్తే థార్ 3985, రాక్స్ 4428. తేడా 443. ఇక్కడే అసలు విషయం ఉంది. పెరిగిన 443లో 400 రెండు చక్రాల మధ్యకే వెళ్లింది. ముందూ వెనకా బయటికి పొడుచుకొచ్చింది చాలా తక్కువ.

దీనివల్ల ఏమైంది? గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగలకుండా చూసే అప్రోచ్ యాంగిల్ రెండింటికీ 41 డిగ్రీల పైనే. దిగేటప్పుడు వెనక బంపర్‌ని కాపాడే డిపార్చర్ యాంగిల్ రెండింటికీ 36 దగ్గరే. మారింది బ్రేక్‌ఓవర్ యాంగిల్. బండి ఒక రాయి మీదకి ఎక్కింది అనుకోండి, ముందు చక్రాలు అటు దిగాయి, వెనక చక్రాలు ఇటే ఉన్నాయి. అప్పుడు మధ్యలో పొట్ట తగులుతుందా లేదా అన్నది ఈ యాంగిల్ చెబుతుంది. థార్‌కి సుమారు 27, రాక్స్‌కి సుమారు 24. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ రాళ్ల మధ్య ఆ మూడు డిగ్రీలే బండి దాటుతుందా, పొట్ట మీద ఆగిపోతుందా అన్నది తేలుస్తాయి.

ఇప్పుడు నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోండి. ఏడాదిలో ఎన్ని రోజులు మీరు అలాంటి రాళ్ల మీదకి వెళ్తారు? మన ఊరు గ్రానైట్ గుట్టల మీద కట్టిన ఊరే, నిజమే. ఫిల్మ్ నగర్ సందుల్లో ఏటవాలు చూస్తే కొండెక్కుతున్నట్టే ఉంటుంది. కానీ అది తారు రోడ్డు. అక్కడ బ్రేక్‌ఓవర్ యాంగిల్‌తో పనిలేదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లు కూడా రోజూ ఎక్కి దిగుతున్నాయి. వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్లినా రిసార్ట్ దాకా మంచి రోడ్డే.

సరే, షార్ట్ వీల్‌బేస్ బండికి సిటీలో లాభం లేదా అంటే, ఉంది. ఇరుకు సందులో తిప్పడం తేలిక. పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ల మధ్య పార్కింగ్ తేలిక. 443 మిల్లీమీటర్లంటే అడుగున్నర దగ్గర. మీ పార్కింగ్ స్లాట్ పొడవు టేపు పెట్టి కొలవండి. బుక్ చేశాక కొలిస్తే లాభం లేదు.

ఇక హైవే. గతుకు వస్తే పొట్టి బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఎందుకంటే ముందు చక్రం గతుకు దాటిన వెంటనే వెనక చక్రం అదే గతుకులో పడుతుంది. పొడుగు బండిలో ఆ రెంటికీ మధ్య కాస్త టైమ్ దొరుకుతుంది, అందుకే నెమ్మదిగా సర్దుకుంటుంది. పైగా థార్‌లో వెనక సీటు దాదాపు వెనక యాక్సిల్ మీదే ఉంటుంది. ప్రతి దెబ్బా నేరుగా నడుముకే. రాక్స్‌లో సీటు యాక్సిల్‌కి ముందు, చక్రాల మధ్యలోకి వచ్చింది. శ్రీశైలం ఘాట్‌లో వెనక కూర్చున్నవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుస్తుంది.

ఎక్కడం దిగడం సంగతి. థార్‌లో వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, వంగి, కాలు ఎత్తి దూరాలి. మనకి అది సరదా. చీర కట్టుకున్న అమ్మకి, మోకాలి ఆపరేషన్ అయిన నాన్నకి అది శిక్ష. ముందు సీటు నాన్నకి ఇస్తే అమ్మ వెనక్కి దూరాలి. సీట్లు కూడా థార్‌లో నాలుగే, రాక్స్‌లో ఐదు.

సేఫ్టీ చూద్దాం. థార్‌కి 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 స్టార్లు వచ్చాయి. రాక్స్‌కి 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు. టెస్టులు వేరు, కాబట్టి పక్కపక్కన పెట్టి మార్కులు పోల్చకండి. కానీ రాక్స్‌లో బేస్ మోడల్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగ్‌లున్నాయి. కుటుంబం ఎక్కే బండిలో అది చిన్న విషయం కాదు.

డబ్బుల దగ్గరికొద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ మారింది కదా. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ అయితే 18 శాతం. మూడు డోర్ల థార్ పొడవు 3985 ఎందుకో ఇప్పుడు అర్థమైందా? 1.5 లీటర్ డీజిల్ రియర్ వీల్ డ్రైవ్ థార్ ఈ 18లో పడుతుంది. ఫోర్ బై ఫోర్ థార్, రాక్స్‌లో అన్ని మోడళ్లూ 40 శాతంలో ఉన్నాయి. ఇంకో మాట. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే తీసుకోవాలి, పెట్రోల్‌లో లేదు. షోరూమ్‌కి వెళ్లాక ఆశ్చర్యపోకండి.

కొంతమంది అంటారు, "పొట్టిగా ఉంటేనే అసలైన జీప్" అని. చరిత్ర చూద్దాం. మహీంద్రా 1947లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీప్ వీల్‌బేస్ 80 అంగుళాలు. 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌ది కూడా 80 అంగుళాలే. ఆ తర్వాత వాళ్లే పొడుగు బండ్లు చేశారు. పాత డిఫెండర్ మీద 90, 110 అని రాసుంటుంది చూశారా, ఆ నెంబర్లు అంగుళాల్లో వీల్‌బేస్ నుంచి వచ్చినవే. మన పోలీసులూ, మిలటరీ వాళ్లూ ఏళ్ల తరబడి నడిపిన మారుతి జిప్సీ కూడా సుజుకీ పొట్టి జీప్‌ని సాగదీసిన బండే. ఇప్పుడు లెక్క కట్టండి. థార్ 96 అంగుళాలు దాటుతుంది, రాక్స్ 112. అంటే రాక్స్ వీల్‌బేస్ పాత డిఫెండర్ 110 కంటే కూడా రెండంగుళాలు ఎక్కువ. ఆ 110 ఆఫ్ రోడర్ కాదని ఎవరైనా అనగలరా?

మరి ఎవరు ఏది తీసుకోవాలి? ఇంట్లో ఇంకో కారుంది, ఇది మీకూ మీ ఫ్రెండ్‌కీ వీకెండ్ బండి, నిజంగానే రాళ్లలోకి, బురదలోకి వెళ్తారు అంటే కళ్లు మూసుకుని మూడు డోర్ల ఫోర్ బై ఫోర్ తీసుకోండి. ఇద్దరే ఉంటారు, సిటీలో స్టైల్‌గా తిరగాలి, బడ్జెట్ టైట్ అంటే 1.5 డీజిల్ థార్. ఇంటికంతటికీ ఒకటే బండి అంటే మాత్రం రాక్స్.

ఫిల్మ్ నగర్ తమ్ముడూ, నీకు నా మాట రాక్స్. ఫోర్ బై ఫోర్ కూడా అక్కర్లేదు, రియర్ వీల్ డ్రైవ్‌లో మధ్య వేరియంట్ చూడు. షూటింగ్ రోజుల్లో కెమెరా బ్యాగులకి డిక్కీ కూడా పనికొస్తుంది. కానీ నా మాట మీద కూడా డబ్బు కట్టకు. ఒక శనివారం సెల్ఫ్ డ్రైవ్‌లో థార్ అద్దెకి తీసుకో, ఇంకో శనివారం రాక్స్. రెండు సార్లూ అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి ఓఆర్ఆర్ మీదుగా ఓ వంద కిలోమీటర్లు తిప్పు. తిరిగొచ్చాక నువ్వేం అడక్కు. నాన్నగారు ఎలా దిగుతున్నారో చూడు. జవాబు అక్కడే ఉంటుంది.

ఈఎంఐ ఏడేళ్లు కడతావ్. ఆ ఏడేళ్లలో వాళ్ల మోకాళ్లు బాగుపడవు, ఇంకా అరుగుతాయి. పొట్టి థార్ ఎక్కడికీ పోదు, రెండో కారుగా కొనుక్కునే రోజు నీకూ వస్తుంది.

ఇంట్లో ఇదే గొడవ పడుతున్న ఫ్రెండ్ ఉంటే వాళ్లకి ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సీట్ బెల్ట్ పెట్టుకోండి, వెనక కూర్చున్నా సరే. ఉంటాను మరి!