యథాతథముగా పలుకుట – యథార్థముగా వెదకుట



నేటి ప్రసంగమునకు విషయము "మాట". మాటను ఉన్నది ఉన్నట్లు నిలుపుకొనుట ఎట్లు? అది ఎవరు పలికినదో, ఏ గ్రంథములో ఏ సందర్భమున ఉన్నదో వెదకి పట్టుకొనుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి కొంచెము విచారింతము.

ముందుగా మిమ్మొక ప్రశ్న అడిగెదను. మయసభలో దుర్యోధనుడు నీటిలో జారిపడినప్పుడు ద్రౌపది ఏమన్నది? "గ్రుడ్డివాని కొడుకు గ్రుడ్డివాడే" అన్నదని మనలో పెక్కుమంది వెంటనే చెప్పుదురు. ఆ ఒక్క మాటయే కురుక్షేత్రమునకు బీజమైనదని కూడ చెప్పుదురు. పెద్దలు పిల్లలకు ఈ కథ చెప్పి, ఆడుది నవ్వరాదని హితబోధ చేయుటయు కలదు. మరి ఆ మాట వ్యాసభారతములో ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొనుడు. వెదకు విధానము తెలిసిన పిమ్మట దీనికి సమాధానము చెప్పుకొందము.

మాటను యథాతథముగా నిలుపుటలో మన పూర్వులు చూపిన శ్రద్ధ అసాధారణమైనది. వేదమును వ్రాతకు అప్పగింపక కంఠమునకు అప్పగించిరి. కంఠము మరచును, తడబడును, ఒక అక్షరమునకు మారుగా వేరొక అక్షరమును పలుకును. ఈ దోషములు తెలిసియే వారు వికృతి పాఠములను ఏర్పరచిరి. సంహితా పాఠమున పదములు సంధితో కలిసి ప్రవహించును. పద పాఠమున ఆ సంధులను విడదీసి ఒక్కొక్క పదమును వేరుగా పలుకుదురు. ఋగ్వేదమునకు పద పాఠమును కూర్చినవాడు శాకల్యుడు. క్రమ పాఠమున ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని పదములను జంటలు జంటలుగా పలుకుదురు. జట యందు ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని ముందునకు వెనుకకు పోవుదురు. ఘన యందు ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మరల ఒకటి-రెండు-మూడు. అనగా మూడు పదములకు పదమూడు ఉచ్చారణములు!

ఇందులోని యుక్తిని గమనింపుడు. వెనుకకు పలుకునప్పుడు వాక్యార్థము సాయమునకు రాదు. అర్థమును బట్టి ఊహించి మాటను పూరించు అవకాశము లేదు. తప్పు దొరలినచో తరువాతి జంటలో అది బయటపడును. మానవుని మనస్సు సహజముగా భావమును నిలుపుకొని మాటను జారవిడుచును. ఆ జారుపాటును అరికట్టుటకే ఈ ఏర్పాటు. ఈ వేదపఠన సంప్రదాయమును 2003 లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

అక్షరము నిలిచినంత మాత్రమున చాలునా? చాలదు. తైత్తిరీయ సంహితలోను, శతపథ బ్రాహ్మణములోను వచ్చు కథ ఒకటి కలదు. త్వష్ట తన కుమారుని ఇంద్రుడు చంపెనని క్రోధించి, ఇంద్రుని సంహరింపగల వానిని కోరి హోమము చేసెను. "ఇంద్రశత్రుః" అను పదమును పలుకుటలో స్వరము తప్పెను. ఉదాత్తము సమాసాంతమున పడినచో "ఇంద్రుని చంపువాడు" అని అర్థము; మొదట పడినచో "ఇంద్రుడే తనను చంపువాడుగా గలవాడు" అని అర్థము. వృత్రుడు పుట్టెను, ఇంద్రుని చేతనే హతుడయ్యెను. పతంజలి మహర్షి మహాభాష్యారంభమున వ్యాకరణము ఎందుకు చదువవలెనో చెప్పుచు ఈ కథను ఉదాహరించెను. ఇందులో ఒక్క అక్షరమైనను మారలేదు. అర్థము మాత్రము తలక్రిందులైనది. అక్షరము సరిపోయినది కనుక మాట సరిపోయినదని తలంపరాదని దీని సారాంశము. ఈ విషయము మనకు తరువాత అవసరపడును.

తెలుగు పద్యమునకును ఇట్టి కాపుదల కలదు. ఉత్పలమాలలో పాదమునకు ఇరువది అక్షరములు. పదియవ అక్షరము యతిస్థానము. నాలుగు పాదములందును రెండవ అక్షరము ప్రాసము. చంపకమాలలో ఇరువదియొక్క అక్షరములు, పదునొకండవది యతిస్థానము. ఆ చోటులలో ఎవడైన మాట మార్చినచో చెవి వెంటనే పట్టుకొనును. కాని మిగిలిన చోటులలో గణము చెడకుండ ఒక మాటకు మారుగా మరియొక మాట చొరబడవచ్చును. పాఠాంతరములు అట్లే పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను వేమన పద్యములను వెలువరింపబూనినప్పుడు ఒక్క ప్రతిని నమ్ముకొనలేదు. పెక్కు వ్రాతప్రతులను సేకరించి పండితులచేత సరిపోల్పించి, 1829 లో ప్రకటించెను. ఒకే పద్యము పలు ప్రతులలో పలు విధములుగా ఉండుటయే ఆ శ్రమకు కారణము.

ఇక వెదకుట. ఇన్ని వేల మంత్రములలో, ఇన్ని లక్షల శ్లోకములలో ఒక మాట ఎక్కడున్నదో తెలియుట ఎట్లు? భాష్యకారులు ప్రతీకను వాడిరి. శ్లోకములోని మొదటి పదమును మాత్రము చెప్పి వ్యాఖ్యానమును ఆరంభింతురు. కంఠస్థమైన వానికి ఆ ఒక్క పదము చాలును. కంఠస్థము కాని వారికొరకు అకారాది సూచికలు వచ్చినవి. అమెరికా పండితుడు మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ 1906 లో "వేదిక్ కాన్‌కార్డెన్స్" అను మహాసూచికను ప్రకటించెను. వైదిక వాఙ్మయములోని మంత్రపాదములను అకారాది క్రమమున పేర్చి, పాఠభేదములతో సహా అవి ఏ ఏ గ్రంథములందున్నవో చూపెను. మనదేశమున విశ్వబంధు శాస్త్రి పర్యవేక్షణమున లాహోరులో ఆరంభమై, దేశవిభజన పిమ్మట హోషియార్‌పూర్‌లో కొనసాగిన "వైదిక పదానుక్రమ కోశము" పదమును బట్టి వెదకుటకు తోడ్పడినది. పాదము మొదలు తెలిసినవానికి మొదటి గ్రంథము. నడుమనున్న పదము మాత్రమే తెలిసినవానికి రెండవది.

నేడు కంప్యూటరు ఈ పనిని క్షణములో చేయుచున్నది. అయితే అది చేయునదేమో తెలిసి అడుగవలెను. కొన్ని పదములను ఊరక వ్రాసి అడిగినచో, ఆ పదములు చెల్లాచెదురుగా ఉన్న పుటలను, వాటికి దగ్గరి పదములున్న పుటలను కూడ చూపును. ఆ పదములనే ఉద్ధరణ చిహ్నముల నడుమ, అనగా లోకవాడుకలో కొటేషన్ గుర్తుల నడుమ ఉంచి అడిగినచో, అదే వరుసలో, అదే రూపములో ఉన్నచోట్లనే వెదకుమని అడిగినట్లగును. మొదటిది భావాన్వేషణము, రెండవది పాఠాన్వేషణము. సంగతి తెలిసికొనవలెనన్న మొదటిది, మూలము పట్టుకొనవలెనన్న రెండవది తగినవి.

పాఠాన్వేషణమునకు కొన్ని మెలకువలు కలవు. లోకమంతట వాడుకలోనున్న మాటలను ఎన్నుకొనక, అరుదైన మూడు నాలుగు పదముల వరుసను ఎన్నుకొనవలెను. పొడుగైన వాక్యమంతయు ఇచ్చినచో, అందు ఒక్క అక్షరము మన జ్ఞాపకమున తప్పినను ఫలితము శూన్యమగును. ఒక తునక దొరకనిచో వేరొక తునకతో ప్రయత్నింపవలెను.

తెలుగున మరికొన్ని చిక్కులు కలవు. పాత ముద్రణములలో "వాఁడు" అని అరసున్నతో ఉండును. నేటి ముద్రణములలో "వాడు". అచ్చట "చెఱువు", ఇచ్చట "చెరువు". ఒకరు "ధర్మము" అని వ్రాయుదురు. ఒకరు "ధర్మం" అని వ్రాయుదురు. సంధి కలిసినచో పదము రూపమే మారును. "ఏమి అంటివి" అని వెదకువానికి "ఏమంటివి" దొరకదు. కంటికి ఒక్కటిగా కనబడునవి యంత్రమునకు రెండు కావచ్చును. ఐత్వపు గుర్తును యూనికోడ్ పద్ధతిలో ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. రెండు సంకేతములను కలిపియు వ్రాయవచ్చును. రెండింటిని సమానము చేసి చూచుకొనని యంత్రము ఒకదానిని అడిగినప్పుడు రెండవదానిని విడిచిపెట్టును. పాత డి.టి.పి. అక్షరములతో కూర్చిన పుస్తకములను, ఛాయాచిత్రములుగా మాత్రమే ఎక్కించిన పుస్తకములను మన తెలుగు అక్షరములతో వెదకిన దొరకవు. కాబట్టి "దొరకలేదు" అనుటకు "లేదు" అని అర్థము కాదు.

దీనికి తోడు రెండవ జాగ్రత్త. "వేయిచోట్ల దొరికినది" అనుటకు "నిజము" అని అర్థము కాదు. ఒకడు తప్పుగా వ్రాసినదానిని తొమ్మిది వందల తొంబది తొమ్మిదిమంది ఎత్తి వ్రాసినచో లెక్క వేయియే అగును గాని సాక్షి ఒక్కడే. తల్లియు, పుట్టిన నేలయు స్వర్గము కంటె మిన్న అను ప్రసిద్ధ వాక్యమును శ్రీరాముని వాక్యముగా అంతటను ఉదాహరింతురు. కొన్ని ముద్రణములలో అది ఉన్నది. కాని బరోడా పండితులు పెక్కు వ్రాతప్రతులను పరిశీలించి వెలువరించిన వాల్మీకి రామాయణ సంశోధిత ప్రతిలో మూలపాఠమున లేదు. ఆ వాక్యము గొప్పతనము ఇందువలన తగ్గదు. దానిని చెప్పునప్పుడు "వాల్మీకి వ్రాసెను" అని ప్రమాణము చేయుటకు మాత్రము మనము సంకోచింపవలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పూనా భండార్కర్ సంస్థ పండితులు 1919 లో ఆరంభించి 1966 లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతి యొకటి కలదు. తెలుగు, గ్రంథ, మలయాళ, శారద, బెంగాలీ, దేవనాగరి మొదలగు లిపులలోని 1259 వ్రాతప్రతులను వారు పోల్చి చూచిరి. ఆ గ్రంథము సమాప్తమైనట్లు ప్రకటించినవారు నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆ ప్రతిలో సభాపర్వము తెరచి చూడుడు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరని భ్రమించెను. నీటిని నేలయని భ్రమించి అందులో పడెను. నవ్వినవారు ఎవరు? కింకరులు, భీముడు, అర్జునుడు, నకులసహదేవులు. అచ్చట ద్రౌపది పేరే లేదు. ఆమె పేరు తరువాత వచ్చును. హస్తినాపురమునకు తిరిగిపోయిన దుర్యోధనుడు తండ్రితో తన అవమానమును చెప్పుకొనుచు, ద్రౌపదియు స్త్రీలతో కూడి నవ్వినదని పలుకును. అది వ్యాసుని కథనము కాదు, అసూయతో దహించుకొనిపోవు దుర్యోధనుని వాక్యము. అతడు కూడ ఆమె నవ్వినదనెనే గాని, "గ్రుడ్డివాని కొడుకు" అన్నదని అనలేదు. ఆ మాట ఎవరి నోటను లేదు.

చూచితిరా! "ద్రౌపది" అను పదమును, "నవ్వు" అను పదమును చేర్చి వెదకినచో సభాపర్వమున రెండును దొరకును. దొరికినది గదా అని తృప్తిపడినవాడు కథను తప్పుగానే చెప్పును. ఆ వాక్యము ఎవరు ఎవరితో చెప్పుచున్నారని ముందువెనుకలు చదివినవానికే నిజము తెలియును. "ఇంద్రశత్రుః" కథ చెప్పినదియు ఇదే. అక్షరములు కలియుట మొదటి మెట్టు. స్వరము, సందర్భము తెలియుట రెండవ మెట్టు. యంత్రము మొదటి మెట్టు ఎక్కించును. రెండవది మనమే ఎక్కవలెను.

ఇందులో పోయినదేమి అందురా? సభలో జుట్టు పట్టి ఈడ్వబడిన ఒక స్త్రీపై, ఆమె పలుకని మాటను మోపి, ఆ పరాభవమునకు ఆమెయే కారణమని తరతరములు చెప్పుకొనుచున్నాము. తప్పుడు ఉదాహరణము ఒక మనిషిపై తప్పుడు సాక్ష్యముతో సమానము. గ్రంథములోని పాత్ర విషయముననే ఇంత అన్యాయము జరుగునప్పుడు, మన ఇరుగుపొరుగుల మాటల విషయమున ఏమి జరుగుచున్నదో ఆలోచింపుడు. "వాడిట్లన్నాడట" అని ఒక మాటను మార్చి మోసినందువలన చీలిన కుటుంబములు ఎన్ని లేవు!

కాబట్టి వ్రాయువారును, ప్రసంగించువారును మూడు నియమములు పాటింపవలెను. ఇతరుల మాటను ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచినచో, అందు ఒక్క అక్షరమైనను మనది కారాదు. మూలము చూడలేనప్పుడు ఆ చిహ్నములను విడిచి, "ఈ భావము కలదు" అని మన మాటలతో చెప్పవలెను. కథకుడు కల్పించి చేర్చినదానిని కల్పనయని ఒప్పుకొనవలెను. కల్పన దోషము కాదు. మన పౌరాణికులు, నాటకకర్తలు రసపుష్టికై ఎన్నో చేర్చిరి. దానికి వ్యాసవాల్మీకుల సంతకము పెట్టుటయే దోషము.

తల్లులారా, తండ్రులారా! ఇంటికి పోయిన పిమ్మట మీరు తరచుగా చెప్పు సూక్తిని ఒక్కదానిని ఎన్నుకొని, దాని మూలము వెదకి, ముందు నాలుగు శ్లోకములు, వెనుక నాలుగు శ్లోకములు చదువుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుడు. మీ జ్ఞాపకము సరియైనదైనచో సంతోషము. కానిచో ఆ పిల్లలకు సరియైన పాఠమును అందించినవారగుదురు. మాటను కాపాడినవానిని మాటయే కాపాడును.

స్వస్తి.