పక్కవాళ్లు పడితే మనకు నవ్వెందుకు?

సూపర్‌వైజర్లుగా మేం సైట్లలో రోజూ చూసే సంగతి ఒకటి చెబుతాం.

క్యారీ ఎర్రమట్టి వాన పడితే జారుడే. ఎవరైనా కాలుజారి పడితే ముందు వినబడేది నవ్వే. ఎందుకు? ఒకటి, పడింది మనం కాదన్న ఊరట. రెండు, మనకైతే పని బాగా తెలుసన్న గర్వం. మూడు, పదిమందీ నవ్వుతుంటే మనమూ కలవడం. పడ్డవాడు లేచి తనూ నవ్వితే అది సరదా. లేవలేనప్పుడు కూడా మన నవ్వు ఆగలేదంటే వాడు మన కంటికి మనిషిగా ఆనట్లేదన్నమాట.

ఆ నవ్వు ఎక్కడిదాకా పోతుందో మనం చూశాం. 2023 జనవరిలో సియాటెల్‌లో ఆదోని అమ్మాయి, 23 ఏళ్ల కందుల జాహ్నవి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. గంటకు 25 మైళ్ల వేగం దాటకూడని రోడ్డులో ఆ కారు 74 మైళ్ల వేగం అందుకుంది. తర్వాత ఇంకో పోలీసు అధికారి ఆ చావు గురించి ఫోన్‌లో నవ్వుతూ, 11,000 డాలర్ల చెక్కు రాస్తే సరి, ఆమె విలువ అంతంతే అన్నాడు. అతని ఒంటిమీది కెమెరాలోనే అది రికార్డయింది. లాయర్లు అలా మాట్లాడతారని వెక్కిరించానని తర్వాత చెప్పుకున్నాడు. 2024 జులైలో అతని ఉద్యోగం పోయింది.

ఆ వీడియో చూసి మనందరికీ కడుపు మండింది. మరి మన వాట్సాప్ గ్రూపులో ఎవరో పడ్డ వీడియో వస్తే నవ్వు బొమ్మ పెట్టేది మన వేళ్లే కదా!

మనవాళ్లకు దెబ్బకంటే నవ్వులపాలు అవడమంటేనే భయం. నిచ్చెన మీంచి పడ్డవాడు "ఏం కాలేదన్నా" అని దులుపుకుని లేస్తాడు. రాత్రికి మోకాలు వాచినా చెప్పడు. నార్త్ కరోలినాలో పనిలో దెబ్బ తగిలితే 30 రోజుల్లోగా యజమానికి రాసి ఇవ్వాలి. దాచుకుంటే నష్టపరిహారానికే ఎసరు రావచ్చు. ఉద్యోగం పోయినవాళ్లదీ ఇదే తీరు. హెచ్-1బి వాళ్లకు మామూలుగా 60 రోజులే గడువు. ఊళ్లో నవ్వుతారని నెల రోజులు నోరు విప్పకపోతే సగం గడువు అక్కడే అయిపోయింది. మన నవ్వు వాళ్ల నోరు కట్టేస్తోంది.

అందుకని ఎవరైనా పడితే ముందు దగ్గరికెళ్లి "దెబ్బ తగిలిందా తమ్ముడూ?" అని అడుగుదాం. ఫోన్ తీస్తే వీడియోకి కాదు, అవసరమైతే 911కి తీద్దాం. ఆ రోజే కాగితం మీద రాయిద్దాం. వాడు కోలుకుని డ్యూటీకి వచ్చాక, వాడు నవ్వితే మనమూ నవ్వుదాం.