నలువదినాళ్ల వ్యాయామము



గడచిన శివరాత్రికిఁ గోటప్పకొండ మెట్లెక్కఁబోయి, సగము త్రోవలోనే చతికిలఁబడితిని. మనుమఁడు చేయిపట్టి దింపెను. ఆ సిగ్గుతో నరసరావుపేటలోని మా యింటి వసారాయందే 40 దినముల నియమమును బూనితిని. వైద్యుని యనుమతిఁ గొని, వేకువనే 12 సూర్యనమస్కారములు, 20 బస్కీలు. అంతయుఁ బావుగంట పని.

ఇది క్రొత్తవింత కాదు. 1920 తరువాతి యేండ్లలో ఔంధు సంస్థానాధీశుఁడు సూర్యనమస్కారములను బాఠశాలలందుఁ బ్రవేశపెట్టెను. 2013లో అమెరికాలో వెలువడిన యేడు నిమిషముల పద్ధతియందును 12 వ్యాయామములే. ఒక్కొక్కటి 30 సెకండ్లు, నడుమ 10 సెకండ్ల విరామము. పరికరములు గోడయుఁ గుర్చీయు మాత్రమే.

తొలివారము తొడలు పట్టుకొని పీఁటనుండి లేవలేకపోతిని. తొమ్మిదవనాఁడు మనుమనితోఁ బోటీపడి 50 బస్కీలు తీసి, రెండునాళ్లు మంచమెక్కితిని. తప్పు వ్యాయామముది కాదు, నా పంతముది. పిదప 10కి తగ్గించి, మెల్లగాఁ బెంచితిని.

ఫలమేమందురా? బరువు తగ్గలేదు. కాని నేలఁ గూర్చుండి, చేతియూఁత లేక లేచుచున్నాను. నియమము ముగిసిన మఱునాఁడు కొండకుఁ బోతిని. మూఁడుచోట్ల నాగితిని, అయినను బైకి జేరితిని.

పెద్దలారా! మన వయస్సున లెక్క తగ్గినను లోపము లేదు, దినము తప్పరాదు. ఎదలో నొప్పియో తలతిరుగుడో తోఁచినచో వెంటనే మాని వైద్యునిఁ జూడవలయును. పావుగంట మాత్రమే గావున, తీరికలేదను సాకు మనకు మిగులదు.