ఎండకాలపు కత్రన్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. తప్పకుండా చెబుతాను. అయితే బొంత దగ్గర మొదలుపెట్టి చదువు దగ్గరికి వస్తాను. ఈ రెంటికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. చివరిదాకా వినండి.

బొంత అంటే తెలియనివాళ్ళు ఈ నందికొట్కూరులో లేరు. పాత చీరలు, లుంగీలు పొరలు పొరలుగా పరచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, లావు సూదితో వరసలు వరసలుగా కుట్టేదే బొంత. మన ఇండ్లలో గుదడీ అంటాం. రజాయి వేరు. దానిలో ఏకిన దూది ఉంటుంది. అది మన దూదేకుల సోదరుల చేతి విద్య. బొంతకు దూది అక్కరలేదు. బజారుకు పోయి కొనవలసింది సూది, దారమే. అందుకే అది బీదవాళ్ళ రజాయి అయింది.

ఉర్దూ చెప్పుకొని బతికేవాణ్ణి కాబట్టి రెండు మాటల అర్థం చెబుతాను. దర్జీ కత్తెర కింద రాలిపోయే ముక్కలను కత్రన్ అంటారు. చినిగినచోట వేసే అతుకును పైవంద్ అంటారు. ఈ పైవంద్ అనే మాటకే చెట్టుకు అంటు కట్టడం అనే అర్థం కూడా ఉంది. అంటే అతుకు వేయడం చినుగును దాచడం మాత్రమే కాదు, కొత్త కాపు తెప్పించడం కూడా అన్నమాట. మహాప్రవక్త ముహమ్మద్ (స) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారనీ, తమ బట్టలు తామే కుట్టుకునేవారనీ హజ్రత్ ఆయిషా (ర) చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. కాబట్టి అతుకు బట్ట చూసి సిగ్గుపడవలసినవాళ్ళు మనలో ఎవరూ లేరు.

ఇక కాలం సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండ వింతేమీ కాదు. మిరప కోతలు అయిపోయి ఉంటాయి. పత్తి తీత అంతకు ముందే ముగిసి ఉంటుంది. కూలికి పోయే ఆడవాళ్ళకు పని దొరకని రోజులు ఇవే. బడిపిల్లలకు సెలవులూ ఇప్పుడే. ఇంకొక సంగతి గమనించండి. ఈదుల్ ఫిత్ర్ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. పండుగ బట్టలు కుట్టిన దర్జీ అంగళ్ళలో కత్రన్ మూటలు మూటలుగా పడివుండేది సరిగ్గా ఎండలు ముదిరే ముందే. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ అనుకూలం కొన్నేళ్ళే ఉంటుంది. ఉన్నప్పుడే వాడుకోవాలి.

అయితే మే నెలలో నిండు బొంతను ఒళ్ళో వేసుకొని కుట్టమంటే ఎవరి తరం? నాలుగు పొరల బట్ట కింద కాళ్ళు ఉడికిపోతాయి. అంచేత తెలివిగల ఆడవాళ్ళు పనిని రెండుగా విడగొడతారు. ఎండకాలం చిన్న చిన్న చౌకాలు మాత్రమే కుట్టి మూటగట్టి పెట్టడం. తొలకరి పడి చల్లబడినాక వాటిని కలిపి, అడుగు పొరలు వేసి బొంత చేయడం. చౌకం అంటే జానెడున్నర గుడ్డ. అరచేతిలో పట్టుకొని వసారాలో కూర్చుని కుట్టవచ్చు. ఫజర్ నమాజు తర్వాత తొమ్మిదిగంటల దాకా, మళ్ళీ అసర్ తర్వాత వెలుగున్నంతసేపు - పనికి ఇవే వేళలు. మధ్యాహ్నం రేకుల కింద, కాలిన బండల మిద్దె కింద సూది పట్టుకోవద్దు. చెమటకు సూది జారుతుంది, గుడ్డ మీద మరక పడుతుంది, కళ్ళు లాగుతాయి. పక్కన మజ్జిగ చెంబు పెట్టుకోండి. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి గనుక వాటిని చాటలో పోసి పైన కత్తెర బరువు పెట్టండి.

ముక్కలు ఏరేటప్పుడు ఒక జాగ్రత్త. నూలుగుడ్డ చెమట పీలుస్తుంది, పాలిస్టర్ పీల్చదు. రెండూ కలిపి కుట్టిన బొంత ఉతుకులో ఒకచోట ముడుచుకుంటుంది, ఒకచోట ఉబ్బుతుంది. ఏది ఏదో తెలియకపోతే ఒక్క పోగు తీసి పెద్దవాళ్ళు జాగ్రత్తగా నిప్పుకు చూపాలి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి పూసలా గట్టిపడుతుంది. జాకెట్ల లైనింగు ముక్కలు, పాప్లిన్ ముక్కలు మంచివి. ఎరుపు, నీలం ముక్కలను ముందుగా నానబెట్టి తెల్లగుడ్డ మీద అద్ది చూడండి. రంగు దిగితే పక్కన పెట్టండి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. పిల్లలూ, వేళ్ళ మీద లెక్కపెట్టండి. బొంత 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు అనుకుందాం. అడుగు చౌకాలు 24 కావాలి. ఒక్కొక్క చౌకానికి తొమ్మిది ముక్కలు, అంటే మొత్తం 216. కుట్టులోకి పోయే అర అంగుళం అన్నివైపులా కలుపుకొని ఒక్కొక్క ముక్కను 5 అంగుళాలు కత్తిరించాలి. చౌకంలో 5 అంగుళాల కుట్లు ఆరు, 13 అంగుళాల కుట్లు రెండు - మొత్తం 56 అంగుళాలు. 24 చౌకాలకు 112 అడుగులు. చౌకాలను ఒకదానికొకటి కలపడానికి ఇంచుమించు 40 అడుగులు. పొరలు కదలకుండా రెండంగుళాలకు ఒక వరస నిలువునా కుడితే 24 వరసలు, 144 అడుగులు. అంచు మడిచే కుట్టు కాకుండానే దాదాపు 300 అడుగుల కుట్టు ఒక్క బొంతలో ఉందన్నమాట!

అంత కుట్టూ కుట్టినామెను "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగి చూడండి. "ఊరికే కూర్చున్నా అన్నా" అంటుంది. ఆమె ఇంటాయనను అడిగినా అదే జవాబు. నా బాధ అక్కడే ఉంది. చేత్తో ఒక చౌకానికి గంటన్నర పడితే 24 చౌకాలకు 36 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజుల పని. కలపడం, వరసలు కుట్టడం ఇంకా మిగిలే ఉంది. ఇంత పని చేసిన బొంతను ఒకరోజు కూలి డబ్బుకు అడిగి తీసుకుపోయేవాళ్ళున్నారు. "ముక్కలు ఊరికే వచ్చినవే కదా" అంటారు. ముక్కలు ఊరికే వచ్చాయి, నిజమే. ఆమె గంటలు ఊరికే వచ్చాయా? కూలివాని చెమట ఆరేలోగా కూలి చేతిలో పెట్టమన్న ప్రవక్త (స) ఉమ్మత్ మనం. రోహిణి కార్తెలో ఓర్చుకొని కుట్టిన చేతి చెమట మాత్రం మనకు చెమటలా కనబడదు.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలనే ఆఫ్రికా సంతతివాళ్ళున్నారు. వాళ్ళలో ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు కలిసే ఉంటారు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివర నాలుగు మూలలా పువ్వులంటూ మడత ముక్కలు పెడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్లు కాదట.

ఇక దూరదేశం సంగతి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. పత్తిచేలలో బానిసలుగా చాకిరీ చేసిన నల్లవారి సంతతి అక్కడ నివసిస్తారు. పాత పనిబట్టల ముక్కలతో ఆ ఆడవాళ్ళు బొంతలు కుట్టేవారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకొని, తమ బొంతలను తామే బయటి ఊళ్ళకు అమ్మడం మొదలుపెట్టారు. 2002లో జీస్ బెండ్ బొంతలను న్యూయార్క్ నగరంలోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసింది. పత్తి పండే నేల, బీదతనం, పాత గుడ్డ - ఈ మూడూ మనకూ ఉన్నాయి. మనకు లేనిది నలుగురూ కలిసి ధర చెప్పే నోరు.

ఇప్పుడు చదువు మాట. పనికి విలువ కట్టండి అంటూనే ఒక హెచ్చరిక కూడా చేయాలి. సూదికి డబ్బు వస్తుందనగానే తొమ్మిదో తరగతి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టే తండ్రులుంటారు. జూన్‌లో బడి తెరిచిన రోజున హాజరు పట్టీ విప్పితే కొన్ని పేర్లకు జవాబు రాదు. "కుట్టు నేర్చుకుంటోంది సార్" అంటారు. మరుసటి ఏడు నిఖా అంటారు. కుట్టు నేర్చుకోవడం మంచిదే, కానీ అది పుస్తకానికి బదులు కారాదు. మనకు కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబు స్థాపించిన ఉస్మానియా కళాశాల ఉంది. 2016లో ఆయన పేరుతోనే ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. 2022లో మన ఊరు నంద్యాల జిల్లాలో చేరినా కర్నూలు మనకు దూరమైపోలేదు, బస్సెక్కితే చేరతాం. ఆ గుమ్మందాకా పోవలసిన పిల్లను చౌకాల దగ్గర ఆపేస్తే ఆ నష్టం ఏ బొంత ధరతోనూ తీరదు. ఉర్దూలో "గుదడీ కా లాల్" అంటారు, బొంతలో మాణిక్యం అని. బీద ఇంట పుట్టిన గొప్పవారిని అలా చెప్పుకుంటారు. మాణిక్యం ఉన్న సంగతి మరిచి బొంత మడిచి అటక మీద పెట్టకండి.

కాబట్టి సంఘం ముందు మూడు మనవులు ఉంచుతున్నాను.

మొదటిది: పండుగ అయిన వెంటనే మన కుర్రవాళ్ళు దర్జీ అంగళ్ళు తిరిగి నూలు కత్రన్ సేకరించి, ఏరి, కావలసిన ఇండ్లకు పంచాలి.

రెండవది: చౌకానికి ఇంత అని సంఘమే ఒక కూలి నిర్ణయించి, చౌకాలు అప్పగించిన రోజునే డబ్బు చేతికివ్వాలి. వితంతువులకు, ఒంటరి ఆడవాళ్ళకు ముందు పని ఇవ్వాలి. అలా తయారైన బొంతల్లో కొన్ని అమ్మి, కొన్ని నిలవ ఉంచుదాం. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. పక్కబట్టలు సైతం నీళ్ళపాలైన ఇండ్లెన్నో మనకు తెలుసు. అటువంటి రోజుకు పొడి బొంత ఒకటి సిద్ధంగా ఉండటం చిన్న సంగతి కాదు.

మూడవది: బడిపిల్లలకు ఇది సెలవుల్లో నేర్చుకునే విద్యగా మాత్రమే ఉండాలి, కూలిపనిగా కాదు. బడి తెరిచిన రోజున వాళ్ళ సూది డబ్బాలోకి పోవాలి. ఏ ఇంటి పిల్ల బడికి రాలేదో ఆ ఇంటికి సంఘం పెద్దలు ఇద్దరు పోయి మాట్లాడాలి. వాళ్ళతో పాటు నేనూ వస్తాను.

అమ్మల్లారా, రేపటినుంచి ఎవరైనా మీరేం చేస్తున్నారని అడిగితే "ఊరికే కూర్చున్నా" అనకండి. ఎన్ని చౌకాలు అయ్యాయో లెక్క చెప్పండి. రాయడం రాకపోతే మీ అమ్మాయి చేత రాయించండి. ఆ పిల్లకు రాత వచ్చి ఉండాలనేదే నా కోరిక.

 అల్లాహ్ మన చేతుల పనిలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.