గాలి నెట్టే దిక్కు, టవరు ఊగే దిక్కు

పట్టభద్రులారా, గోదావరి ఒడ్డున పర్ణశాల పేరులోనే ఒక కట్టడం ఉంది: ఆకుల కుటీరం. సీతారాములు వనవాసంలో ఉన్నారని జనం నమ్మే ఆ కుటీరం గాలిని సందుల్లోంచి పోనిస్తుంది. చుట్టూ అడవిలో వెదురు వంగి లేస్తుంది. రేపు హైదరాబాద్ కోకాపేటలో మీరు లేపబోయే ఉక్కు, కాంక్రీటు కలగలిసిన టవరుకు ఆ వెసులుబాటు లేదు. అది గాలికి ఎదురొడ్డాలి, అయినా ఊగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ‘కూలుతుందా’ అన్నదానికన్నా ‘ఎటు, ఎంత ఊగుతుంది’ అన్నదే కష్టమైన ప్రశ్న అని నా వాదన.

హైదరాబాద్ సముద్రానికి దూరం, అంత ఆందోళన ఎందుకంటారు కొందరు. నిజమే, గాలి భారాల భారత కోడ్ ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక గాలివేగం చెబితే హైదరాబాద్‌కు 44 చెబుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక చదరపు మీటరుకు అక్కడ 1,500 న్యూటన్లు, ఇక్కడ సుమారు 1,160. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఏం చేసిందో తెలిసినవారికి ఆ తేడా విలువ తెలుసు. అయితే ఇది గాలి ఎదురుగా నెట్టే బలం లెక్క మాత్రమే. టవరు మూలల దగ్గర విడిపోయిన గాలి వెనక ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన సుడులు వదులుతుంది. అవి టవరును అడ్డంగా లాగుతాయి. 20 మీటర్ల వెడల్పున్న చతురస్రపు టవరు ఆరు సెకన్లకోసారి ఊగుతుందనుకుందాం. పైఅంతస్తుల దగ్గర సెకనుకు దాదాపు 33 మీటర్ల నిలకడ గాలి వీస్తే సుడుల లయా, ఊపు లయా ఒకటవుతాయి. ఊయలను సరిగ్గా అదనుకు తోసినట్టే.

ఉక్కు గ్రేడు పెంచితే సరిపోదా? పోదు. గ్రేడు పెరిగితే బలం పెరుగుతుంది గానీ బిగువు పెరగదు. ఊపును అదుపు చేసేవి బిగువు, బరువు, కదలికను మింగేసే డ్యాంపింగ్. ఉక్కుకు కాంక్రీటు తోడు కావడంలో అసలు లాభం ఇక్కడే. అదే కోడ్ వెల్డింగ్ ఉక్కుకు 1 శాతం డ్యాంపింగ్, కాంక్రీటుకు 2 శాతం తీసుకోమంటుంది. మిశ్రమ టవరుకు నేనైతే ఆశపడి 2 వేయను. బిగువు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి: దూలాన్ని శ్లాబుతో కలిపే స్టడ్లు తక్కువైతే శ్లాబు, దూలం వేటికవే వంగుతాయి, అప్పుడు కాగితం మీది బిగువు కాగితం మీదే మిగిలిపోతుంది. తైపీ 101 టవరులో 660 టన్నుల గోళాన్ని వేలాడదీసింది అందం కోసం కాదు, ఊపును మింగడానికి.

పక్కన ఇంకో టవరు లేస్తే దాని వెనకనుంచి వచ్చే గాలి మీ లెక్కల్లోని గాలి కాదు, దాన్ని విండ్ టన్నెల్‌లో నమూనాతో పరీక్షించాలి. కాబట్టి డ్రాయింగు మీద మొదటి సంతకం పెట్టేముందు, విండ్ టన్నెల్ నివేదికలో అడ్డపు ఊపు గురించిన పుట ఉందో లేదో చూడండి. లేకపోతే కలం పక్కన పెట్టి అడగండి.